చనిపోయిన పోలీసుకు మనమేం బాకీ?

గత అక్టోబరులో మా జిల్లా పోలీసువారు అమరవీరుల వారోత్సవాల సందర్భంలో కళాశాల విద్యార్థులకు వ్యాసరచన పోటీ పెట్టారు. నేను తెలుగు అధ్యాపకుణ్ణి గనక వ్యాసాలు దిద్దే పని నా నెత్తిన పడింది. ఒప్పుకున్నాను. ఆ సంగతి తెలిసి మా సంఘంలోని ఒక మిత్రుడు నన్ను నిలదీశారు. ఆయన నాకన్నా పదేళ్ళు పెద్ద. విద్యార్థి ఉద్యమంలో తిన్న లాఠీదెబ్బ తాలూకు నొప్పి ఇప్పటికీ చలికాలంలో ఆయన మోకాల్లో పలుకుతుంది. "మనవాళ్ళని కొట్టిన చేతులకు నువ్వు పూలదండలు గుచ్చుతున్నావా?" అన్నారు. నేను నవ్వి వూరుకున్నాను. జవాబు లేక నవ్విన నవ్వు అది. ఆ జవాబు వెతుక్కోవడానికే ఈ నాలుగు పేజీలూ రాస్తున్నాను.

పోటీకి ఇచ్చిన విషయం "శాంతిభద్రతల పరిరక్షణలో పోలీసుల త్యాగాలు". అరవై పైచిలుకు వ్యాసాలు వచ్చాయి. అన్నీ ఒకే అచ్చులో పోసిన ఇటుకల్లా వున్నాయి. కన్నతల్లి, జన్మభూమి, కంటికి రెప్ప, ప్రాణాలు తృణప్రాయం. ఈ మాటలు వరస మారి వస్తాయేగాని, రాకుండా వుండవు. ఒక్క వ్యాసం మాత్రం వేరుగా వుంది. రెండో సంవత్సరం బి.ఎ. చదివే అమ్మాయి రాసింది, ఒకటిన్నర పేజీ. ఆమె తండ్రి ఆర్మ్‌డ్ రిజర్వు కానిస్టేబులు. ఎవరో పెద్ద నాయకుడి సభకు బందోబస్తు వెళ్ళి, రెండు రాత్రులు నిద్ర లేకుండా నిలబడి, మూడోనాడు తిరిగివస్తూ వ్యానులో కూర్చున్నవాడు కూర్చున్నట్టే చనిపోయాడు. ఆ అమ్మాయి రాసిందాని సారాంశం ఇది: మా నాన్న త్యాగం చెయ్యలేదు, ఆయన ఇంటికి రావాలనే అనుకున్నాడు, వచ్చేటప్పుడు చెల్లికి చెప్పులు కొనుక్కొస్తానని ఫోనులో చెప్పాడు.

ఆ కాగితం మార్జినులో నేను "విషయానికి కట్టుబడలేదు" అని ఎర్రసిరాతో రాశాను. బహుమతి కంటికి రెప్పలవాళ్ళకు వెళ్ళింది.

అక్టోబరు 21 ఎక్కణ్ణించి వచ్చిందో ఆ వ్యాసాలు రాసిన వాళ్ళలో సగంమందికి తెలియదు. 1959లో లడాఖ్ సరిహద్దులో, సుమారు 16 వేల అడుగుల ఎత్తున, హాట్ స్ప్రింగ్స్ అనే చోట కేంద్ర రిజర్వు పోలీసుల చిన్న శిబిరం వుండేది. అక్టోబరు 20న లనక్ లా దిక్కుగా దారి చూసిరావడానికి మూడు జట్లను పంపితే రెండు తిరిగివచ్చాయి, మూడోది రాలేదు. అందులో వున్నది ఇద్దరు కానిస్టేబుళ్ళూ, ఒక కూలీ. మర్నాడు వాళ్ళను వెతకడానికి కరమ్ సింగ్ అనే అధికారి వెంట కొంతమంది బయలుదేరారు. కొండమీది నుంచి చైనా సైనికులు కాల్చారు. పదిమంది చనిపోయారు, మరికొందరు గాయాలతో చిక్కుబడ్డారు. పోయినవాళ్ళ శవాలు మూడు వారాలు దాటితేగాని చేతికి రాలేదు. 1960 జనవరిలో రాష్ట్రాల పోలీసు ఇన్‌స్పెక్టరు జనరళ్ళు సమావేశమై ఏటా ఆ తేదీని పాటించాలని తీర్మానించారు. (చైనా పేరు వచ్చేసరికి ఆనాటి మన పత్రికలు ఎన్ని విధాల తడబడ్డాయో ఇక్కడ తవ్వబోను. అది మరొక వ్యాసానికి సరిపడే సరుకు.)

ఈ పదిమంది చావును తప్పుపట్టడం ఎవరి తరమూ కాదు. వాళ్ళు ఏ రైతునూ కొట్టడానికి వెళ్ళలేదు, ఏ గుడిసెనూ కూల్చడానికి వెళ్ళలేదు. తప్పిపోయిన తోటివాళ్ళను వెతకబోయారు. పైగా పోలీసులు చెయ్యవలసిన పని కాదది. ఆ తర్వాతనే ఆ సరిహద్దు కాపలాను సైన్యానికి అప్పగించారు. సైన్యం చెయ్యవలసిన పనిని అరకొర ఆయుధాలతో పోలీసుల నెత్తిన పెట్టినవారెవరని అక్టోబరు 21న ఎవరూ అడగరు. ఆ సంగతి అలా వుంచి, మరొకటి గమనించవలసి వుంది. మొదటి పదిమంది చావులో వున్న నిర్మలత్వాన్ని ఆ తర్వాత జరిగిన ప్రతి పోలీసు చావుకూ అరువిచ్చారు. ఢిల్లీ చాణక్యపురిలో 2018 అక్టోబరు 21న ప్రారంభించిన జాతీయ పోలీసు స్మారకంలో 238 టన్నుల ఏకశిల నిలబెట్టారు. దాని ఎత్తు 30 అడుగులు. పక్కన గోడమీద ఆనాటికి 34,844 పేర్లు చెక్కారు. ఇప్పుడా సంఖ్య 36 వేలు దాటింది. దొంగను పట్టబోయి కత్తిపోటుకు పోయినవాడు, వరదలో జనాన్ని దాటిస్తూ పోయినవాడు, అడవిలో మందుపాతరకు పోయినవాడు, ఆకలితో వచ్చిన గుంపుమీద కాల్పులు జరిపి ఆ గుంపు చేతిలో పోయినవాడు, అందరినీ ఆ గోడ ఒకే సైజు అక్షరాల్లో పక్కపక్కన నిలబెడుతుంది. చచ్చినవాళ్ళను కలపడంలో నాకు అభ్యంతరం లేదు. వాళ్ళు ఏ పనిమీద చచ్చారన్న ప్రశ్నను కూడా అదే రాతికింద పాతెయ్యడంలోనే నా అభ్యంతరమంతా వుంది.

ఇక త్యాగమన్న మాట సంగతి. త్యాగం చేసేవాడికి ఇవ్వకుండా వుండే వీలుండాలి. ఇచ్చేది తనదై వుండాలి, తెలిసి ఇవ్వాలి. 2008 నవంబరు 26 రాత్రి బొంబాయి చౌపాటీ దగ్గర తుకారామ్ ఓంబ్లే అనే అసిస్టెంటు సబ్ ఇన్‌స్పెక్టరు చేతిలో వున్నది లాఠీ. ఎదుటివాడి చేతిలో యంత్ర తుపాకి. ఓంబ్లే ఆ తుపాకి గొట్టాన్ని రెండు చేతులా పట్టుకుని గుళ్ళన్నీ తన వొంట్లోకి తీసుకున్నాడు. వెనకవున్న వాళ్ళు బతికారు, హంతకుడు ప్రాణాలతో దొరికాడు. దీన్ని త్యాగమంటే ఎవరికీ పేచీ లేదు, నాకసలే లేదు.

అదే ఏడు జూన్ 29న ఒడిశా సరిహద్దులో బలిమెల జలాశయంమీద ఒక లాంచీ వస్తోంది. అందులో వున్నవాళ్ళలో ఎక్కువమంది మన ఆంధ్రప్రదేశ్ గ్రేహౌండ్స్ కమాండోలు, అడవిలో గాలింపు ముగించుకుని తిరిగివస్తున్న వాళ్ళు. కొండలమీద కాచుకున్న మావోయిస్టులు కాల్చారు. లాంచీ మునిగింది. 38 మంది పోయారు. ఈ చావుల్ని ఏమనాలి? ఆ కుర్రవాళ్ళకు ఇవ్వనంటానికి వీలుందా? లాంచీ ఎక్కమంటే ఎక్కారు. వాళ్ళు చంపబడ్డారు, పనిలో వుండగా చంపబడ్డారు. గని కూలి చచ్చిపోయిన కార్మికుణ్ణి యజమాని "త్యాగధనుడు" అంటే మనకు వొళ్ళు మండుతుంది గదా! ఎందుకు మండుతుంది? ఆ మాట కార్మికుడికి గౌరవం ఇస్తున్నట్టే ఇచ్చి, పైకప్పుకు దూలం పెట్టని యజమానిని తప్పిస్తుంది. వ్యానులో చనిపోయిన ఆ అమ్మాయి తండ్రిని త్యాగమూర్తి అంటే రెండు రాత్రులు అతన్ని నిలబెట్టినవాడు తప్పుకుంటాడు. ఒకే మాటను ఓంబ్లేకూ, ఆ తండ్రికీ వాడితే ఒకరి విషయంలో నేరం దాగుతుంది, రెండోవారి విషయంలో ఘనత చిన్నబోతుంది. ఇంతా చేసి ఇది తేల్చినవాణ్ణి నేను కాదు. పందొమ్మిదేళ్ళ పిల్ల ఒక్క వాక్యంలో తేల్చేసింది.

రాళ్ళ గురించి మాట్లాడేటప్పుడు చౌరీచౌరాను తప్పించుకుపోవడం కుదరదు. ఉత్తరప్రదేశ్‌లో గోరఖ్‌పూర్ దగ్గర చిన్న వూరు. 1922 ఫిబ్రవరి 4న అక్కడ జరిగింది పాఠ్యపుస్తకాల్లో రెండు వాక్యాల్లో వుంటుంది: జనం పోలీసు స్టేషను తగలబెట్టారు, గాంధీజీ సహాయనిరాకరణ ఆపేశారు. ఆ రెండు వాక్యాల వెనక ఒక బజారు వుంది. మాంసం, చేపల ధరల మీదా, సారా దుకాణాల మీదా స్వచ్ఛందసేవకులు పికెటింగు చేస్తున్నారు. భగవాన్ అహీర్ అనే ఆయన మొదటి ప్రపంచయుద్ధంలో ఆంగ్లేయుల తరపున మెసపటేమియా వెళ్ళివచ్చిన సైనికుడు, ప్రభుత్వ పింఛను తీసుకునేవాడు. అతన్ని అక్కడి సబ్ ఇన్‌స్పెక్టరు బజారులో కొట్టాడు. ఇదేమిటని అడగడానికి కొన్ని రోజులకు జనం వూరేగింపుగా వచ్చారు. పోలీసులు కాల్చారు, ముగ్గురు చచ్చిపోయారు. రైలుపట్టాల కంకరరాళ్ళు లేచాయి. పోలీసులు స్టేషనులో దూరారు. జనం స్టేషనుకు నిప్పు పెట్టారు. లోపలివాళ్ళు 22 మందని కొందరు, 23 మందని కొందరు లెక్క చెబుతారు. అందరూ భారతీయులే. జిల్లా సెషన్సు కోర్టు 172 మందికి ఉరిశిక్ష వేసింది. అలహాబాదు హైకోర్టులో మదనమోహన మాలవీయ వాదించగా 19 మందికి ఉరి ఖాయమైంది, 1923 జులైలో వురితీశారు.

ఆంగ్ల ప్రభుత్వం చచ్చిన పోలీసులకు స్టేషను దగ్గరే స్మారకం కట్టింది. వురికంబమెక్కిన వాళ్ళకు రాయి లేదు. స్వరాజ్యం వచ్చాక కూడా చాలాకాలం లేదు. 1982లో ఇందిరాగాంధీ వచ్చి శంకుస్థాపన చేసిన తర్వాతగాని వాళ్ళకు ప్రభుత్వ స్మారకానికి దారి పడలేదు. అరవై ఏళ్ళు పట్టింది. ఈ లోపల పోలీసు స్మారకం ఏమైంది? దాన్ని ఎవరూ పడగొట్టలేదు. దానిమీద "జై హింద్" అని చెక్కారు. అంతే! తెల్లదొరతనం కోసం నిలబడి, తెల్లదొరతనం మెప్పుగా పొందిన రాయి రెండు మాటలతో స్వతంత్ర భారతపు రాయి అయిపోయింది. పాలకులు మారితే తుపాకి భుజం మార్చుకోనక్కరలేదని ఆ రెండు మాటలకు అర్థం. రాజ్యయంత్రాన్ని గురించి మనం పది ఉపన్యాసాల్లో చెప్పేది ఆ రాతి దగ్గర నిలబడితే అర క్షణంలో బోధపడుతుంది.

అయితే ఇక్కడ ఆగి, మన మిత్రుల్లో కొందరిలాగా "అందుకనే ఆ పోలీసులు చావవలసిన వాళ్ళే" అని నేను అనలేను. లోపల కాలిపోయినవాళ్ళు నెలజీతగాళ్ళు. వాళ్ళలో కాల్పులకు హుకుం ఇచ్చినవాడూ వున్నాడు, ఇవ్వని వాళ్ళూ వున్నారు. మంట వాళ్ళను వేరుచెయ్యలేదు. మన గడ్డమీద అదే ఏడు వేరుచేసి చూసినవాడు ఒకడున్నాడు. అల్లూరి సీతారామరాజు ఆగస్టు 22, 23, 24 తేదీల్లో వరసగా చింతపల్లి, కృష్ణదేవిపేట, రాజవొమ్మంగి స్టేషన్లమీద పడి తుపాకులు పట్టుకుపోయాడు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో పొంచి వున్నప్పుడు ముందు నడుస్తున్న దేశీయులను పోనిచ్చి, స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు ఆంగ్ల అధికారులను కాల్చారు. వాళ్ళ సమాధులు నర్సీపట్నంలో వున్నాయి. గురి సిద్ధమైన తుపాకికి అడ్డంగా మనుషులు నడిచిపోతుంటే, వీడు ఎవడు, వీడికీ నాకూ తగువేమిటి అని ఆలోచించడం తేలికైన సంగతి కాదు. కవర్డూ హైటరూ కూడా ఎవరి కడుపునో పుట్టినవాళ్ళే, నిజమే. నేను చెబుతున్నది చంపడం మంచిదని కాదు. యూనిఫారానికీ, దాని లోపలి మనిషికీ మధ్య సందు ఒకటి వుందనీ, తిరుగుబాటు చేసేవాడు కూడా ఆ సందును చూడగలడనీ.

ఈ మాట అనగానే నా మిత్రుడు ఎక్కడ పట్టుకుంటారో నాకు తెలుసు. "అయితే కానిస్టేబులు పేదవాడి కొడుకు, వాణ్ణి ఏమీ అనకూడదంటావు" అంటారు. ఇది కొత్త వాదన కాదు. 1968 మార్చిలో రోములో వల్లె జూలియా దగ్గర విద్యార్థులూ పోలీసులూ తలపడినప్పుడు ఇటలీ కవి పసోలినీ, తాను కమ్యూనిస్టు అయివుండి, పోలీసుల పక్షాన సానుభూతి చూపుతూ ఒక కవిత రాశాడు. పోలీసులు పేదల బిడ్డలు, విద్యార్థులు కలిగినవాళ్ళ బిడ్డలు అన్నది అతని మాట సారం. వామపక్షమంతా అతనిమీద విరుచుకుపడింది. పసోలినీ చూసిన నిజం నిజమే. మా కళాశాలలో డిగ్రీ అయి కానిస్టేబులు పరీక్షకు తెల్లవారుజామున మైదానంలో పరుగెత్తే వాళ్ళంతా కౌలురైతుల పిల్లలు, భవననిర్మాణ కూలీల పిల్లలు, బీడీలు చుట్టే తల్లుల పిల్లలు. కాని పుట్టుక చూపించి పనిని మాఫీ చెయ్యడం నాకు చేతకాదు. లాకప్పులో లాఠీ ఎత్తిన చెయ్యి కౌలురైతు కొడుకుదైనంత మాత్రాన దెబ్బ తేలికగా తగలదు. కిందపడి దెబ్బలు తినేవాడు కూడా కౌలురైతు కొడుకే అయివుంటాడు, అది కదా ఇందులోని దారుణం!

ఆదిలాబాదు జిల్లా ఇంద్రవెల్లిలో 1981 ఏప్రిల్ 20న భూమికోసం సభ పెట్టుకోవడానికి వచ్చిన గోండులమీద పోలీసులు కాల్పులు జరిపారు. ప్రభుత్వం చెప్పిన లెక్క 13 మంది. దానికి ఎన్నోరెట్లు పోయారని ఆ వూళ్ళవాళ్ళు ఇప్పటికీ అంటారు. చనిపోయినవాళ్ళ జ్ఞాపకంగా లేచిన స్తూపాన్ని 1986లో పేల్చేశారు, మళ్ళీ కట్టవలసి వచ్చింది. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళపాటు ఏప్రిల్ 20 వస్తే నిషేధాజ్ఞలే. తమవాళ్ళకు దండం పెట్టుకోవడానికి వచ్చే ఆదివాసులను ఆపడానికి స్తూపం చుట్టూ పోలీసులు. అక్టోబరు 21న తుపాకులు తలకిందులు చేసి తమవాళ్ళకోసం తలవంచే అదే కానిస్టేబుళ్ళు ఏప్రిల్ 20న ఇంకొకరి దుఃఖానికి కాపలా కాయవలసి వచ్చింది. అక్కడా ఇక్కడా వాడేమాట ఒకటే, అమరులు. తెలుగుదేశంలో ఈ మాటకు పట్టినంత గిరాకీ మరే మాటకూ పట్టలేదేమో. ఎర్రస్తూపంమీదా అదే, పరేడ్ గ్రౌండులో స్తూపంమీదా అదే.

అందుచేత ప్రశ్న సూటిగా అడుక్కుందాం. ఆ గోడమీది పేర్లలో చేతికి నెత్తురంటిన వాళ్ళు కూడా వుంటారు. వాళ్ళకోసం దుఃఖించవచ్చునా?

తిక్కన తెనిగించిన స్త్రీపర్వం పాఠం చెప్పేటప్పుడు ప్రతిసారీ నాకీ ప్రశ్నే ఎదురవుతుంది. యుద్ధం అయిపోయింది. ధర్మరాజు విదురుణ్ణీ, సంజయుణ్ణీ, ధౌమ్యుణ్ణీ పిలిచి, రెండుపక్షాల్లో చచ్చినవాళ్ళందరికీ, దిక్కులేని వాళ్ళతో సహా, దహనాలు జరిపించమంటాడు. అందులో దుర్యోధనుడున్నాడు, ద్రౌపది జుట్టు పట్టి సభకీడ్చిన దుశ్శాసనుడూ వున్నాడు. గంగలో తర్పణాలు విడిచే వేళకు కుంతి నోరు విప్పి, కర్ణుడు మీ అన్న, అతనికీ నీళ్ళు వదలండి అంటుంది. శత్రువనుకున్నవాడు అన్న అని శవం కాలిన తర్వాత తెలుస్తుంది. ఇంతవరకూ అందరికీ గుర్తుంటుంది. దీనికి రెండో సగం స్వర్గారోహణపర్వంలో వుంది. ధర్మరాజు స్వర్గానికి వెళ్ళి చూస్తే దుర్యోధనుడు సింహాసనంమీద సూర్యుడిలా వెలిగిపోతూ వుంటాడు. ఇదేమిటంటే నారదుడు చెప్పే సమాధానం: ఇతడు క్షత్రియధర్మం ప్రకారం యుద్ధంలో ప్రాణమిచ్చాడు, ఆ లోకం సంపాదించుకున్నాడు. మన భాషలో చెప్పాలంటే విధినిర్వహణలో మరణించాడు! ధర్మరాజుకు కోపం వస్తుంది. నాకీ స్వర్గం వద్దు, నా తమ్ములెక్కడున్నారో అక్కడికి పోతానంటాడు.

శత్రువు శవానికి నీళ్ళు వదిలినవాడే అతని సింహాసనానికి తలవంచనన్నాడు. ఈ రెండింటి మధ్యా వైరుధ్యం నాకు కనిపించదు. నీళ్ళు చచ్చిన మనిషికి. వాటికి అర్హత అడగరు, మనిషై పుట్టి చావడమే అర్హత. సింహాసనం అతను చేసిన పనికి. దానికి అర్హత అడిగి తీరాలి. పని చేస్తూ చచ్చాడు గనక పని మంచిదైపోయిందన్న నారదుడి వాదం దేవలోకంలో చెల్లవచ్చు. రాజ్యం మన చేత అక్టోబరు 21న ఒప్పించదలుచుకున్నది సరిగ్గా ఈ వాదమే. కన్నీళ్ళు అడుగుతుంది, ఇవ్వబోతే అందులోనే సలాము కూడా కలిపి పుచ్చుకుంటుంది.

మనం చేసిన పొరపాటు వేరే విధంగా వుంది. సలాము ఇవ్వమన్నాం, సరే. దాంతోపాటు నీళ్ళూ ఇవ్వమన్నాం. వాడి యూనిఫారం చూసి వాడి పెళ్ళాం బిడ్డల ఏడుపును కూడా శత్రుశిబిరంలో చప్పుడని చెవులు మూసుకున్నాం. ఫలితమేమిటి? ఆ దుఃఖానికి వారసుడు ఒక్కడే మిగిలాడు, ప్రభుత్వం. దాన్ని వాడుకోవడం ఎలాగో ప్రభుత్వానికి ఎవరూ నేర్పనక్కరలేదు.

మన పాత వూళ్ళలో వీరగల్లులుంటాయి. పశువుల మందను దొంగలు తోలుకుపోతుంటే అడ్డుపడి చచ్చినవాడి బొమ్మ చెక్కి పొలిమేరలో నిలబెట్టేవాళ్ళు. అన్నీ ఇలాంటివే అని నేను చెప్పను. ఏలికల తగువుల్లో ఏలికల కోసం చచ్చినవాళ్ళవీ వాటిలో వున్నాయి. కాని ఆవుల కోసం చచ్చినవాడి రాయిని చూస్తే నాకొక సంగతి తడుతుంది. కాపాడబడిన వాళ్ళు నిలబెట్టిన రాయి అది. తుకారామ్ ఓంబ్లేను బొంబాయి జనం ఏ సర్కులరూ లేకుండానే తలుచుకుంటారు. పంపినవాడు కట్టే రాతికీ, బతికినవాడు కట్టే రాతికీ తేడా చూడటం నేర్చుకుంటే చాలా చిక్కులు వీడిపోతాయి.

మరి బతికివున్న కానిస్టేబులు మాటేమిటి? చచ్చాక 30 అడుగుల రాయి పెట్టేవాళ్ళు బతికుండగా వాణ్ణి ఎలా చూస్తారు? 1966లో పార్లమెంటు పోలీసు బలగాల హక్కులను పరిమితం చేస్తూ చట్టం చేసింది. అనుమతి లేకుండా కార్మికసంఘంలో చేరటానికి వీల్లేదు, పత్రికకు ఎక్కడానికి వీల్లేదు. ధర్మవీర అధ్యక్షతన ఏర్పడిన జాతీయ పోలీసు కమిషను 1979లో ఇచ్చిన మొదటి నివేదిక ప్రధానంగా కానిస్టేబుళ్ళ బతుకుమీదే. రోజుకు 10 నుంచి 16 గంటలు, వారానికి ఏడురోజులూ పని అని అందులో వుంది. అదే ఏడు వేసవిలో పంజాబులో మొదలై చాలా రాష్ట్రాల్లో పోలీసులు వీధికెక్కారు. అధికారుల ఇళ్ళలో అంట్లు తోమే ఆర్డర్లీ చాకిరి తీసెయ్యమనడం కూడా ఆనాటి గొడవల్లో ఒకటి. జూన్‌లో బొకారోలో కేంద్ర పారిశ్రామిక భద్రతాదళం జవాన్లమీదికి సైన్యాన్ని పంపారు. కాల్పుల్లో అనేకమంది జవాన్లు చచ్చిపోయారు. యూనిఫారంలో చచ్చినవాళ్ళే వాళ్ళూనూ. నేను విన్న ఏ అక్టోబరు 21 ఉపన్యాసంలోనూ బొకారో పేరు రాలేదు.

పాత కథలెందుకు, నిన్నమొన్నటిదే చూడండి. 2024 అక్టోబరు 21న హైదరాబాదులో ఎప్పటిలాగే పూలగుచ్ఛాలు, బాకాలు. ఆ వారంలోనే తెలంగాణ స్పెషల్ పోలీసు కానిస్టేబుళ్ళ భార్యలు చంకన పిల్లల్ని వేసుకుని రోడ్లమీద కూర్చున్నారు. మా భర్తలు నెలలో ఇంట్లో వుండే రోజులెన్ని, ఇది సంసారమేనా, రాష్ట్రమంతా పోలీసులకు ఒకే పద్ధతి పెట్టండి అని. వాళ్ళకు మద్దతుగా బెటాలియన్లలో కానిస్టేబుళ్ళు కూడా నిలబడ్డారు. నెల తిరగకముందే 39 మంది సస్పెండు, పదిమంది బర్తరఫు. హాట్ స్ప్రింగ్స్‌లో చనిపోయినవాళ్ళూ పదిమందే. ఈ అంకెల కలయికకు అర్థమేమీ లేదు, తెలుసు. అయినా పేపర్లో చదివిన ఆ పూట నాకది తట్టకుండా పోలేదు.

ఆ రోడ్డుమీది స్త్రీల దగ్గరికి మనవాళ్ళు ఎంతమంది వెళ్ళారు? మా సంఘం నుంచి ఎవరూ వెళ్ళలేదు. నేనూ వెళ్ళలేదు. అంగన్‌వాడీల శిబిరానికి పోతాం, ఆర్టీసీ కార్మికుల శిబిరానికి పోతాం, పాటలు పాడి వస్తాం. పోలీసు భార్యల శిబిరం మన చిరునామాల్లో లేదు. రేపు మనమీదికి లాఠీ ఎత్తమన్నప్పుడు ఎత్తాలా మానాలా అని ఒక్క క్షణం ఆగే కానిస్టేబులు ఎక్కడినుంచైనా పుట్టాలంటే, తన నోరు తను విప్పుకోవడం మొదట అతను నేర్చుకుని వుండాలి. విప్పినరోజున పక్కన ఒకరు నిలబడి వుండాలి. ఇది జాలి మాట కాదు, రాజకీయపు మాటే. మిత్రుడికి ఇంతవరకూ చెప్పాను. ఆయన చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నా మోకాలు విరగ్గొట్టినవాడు చచ్చిపోయాడని విన్నాను. కాన్సరు. ఇల్లు కూడా కట్టుకోలేదట" అన్నారు. వెళ్ళి పలకరించారా అని అడగబోయి మానుకున్నాను.

పోటీ ఫలితాలు వచ్చిన తర్వాత ఆ అమ్మాయిని స్టాఫురూముకు పిలిపించాను. నీ వ్యాసానికి నేను రాసింది తప్పమ్మా, నువ్వొక్కదానివే విషయం రాశావు అన్నాను. ఆమె సంతోషించినట్టు కనిపించలేదు. "పర్లేదు సార్. ఫస్టు ప్రైజు అయిదువేలన్నారు, అందుకని రాశాను" అంది. ఆ కాగితం తిరిగి ఇమ్మని అడిగింది. కారుణ్య నియామకం ఫైలు కోసం అమ్మతో కార్యాలయానికి వెళ్ళాలనీ, నాన్న సంగతి అందులో వరసగా రాసివుంది గనక దాన్ని చూసి అర్జీ రాసుకుంటాననీ చెప్పింది. నేను బీరువాలోంచి తీసి ఇచ్చాను. నా ఎర్రసిరా గీతలు దానిమీద అలాగే వున్నాయి.